రోబోట్ పోటీలు: నమూనా పంచుకొనుట న్యాయమేనా?

పరీక్షలో ఒకరి జవాబును చూచి మరొకరు వ్రాయుట తప్పు. ఇందు భిన్నాభిప్రాయము లేదు. కాని రెండు మూడు పాఠశాలల విద్యార్థులు కలిసి ఒక యంత్రమునకు నమూనా గీచుకొని, ఎవరి యంత్రమును వారు నిర్మించుకొని, ఒకే పోటీలో దిగినచో అదియు అట్టి తప్పేనా? విద్యార్థుల రోబోట్ పోటీలలో చాలకాలముగా చర్చకు వచ్చుచున్న ప్రశ్న ఇది.

ఈ పోటీలలో పేరుపొందినది అమెరికాలోని ‘ఫస్ట్’ సంస్థ నడుపు పోటీ. ఈ సంస్థను డీన్ కామెన్ అను యంత్రనిర్మాత 1989లో స్థాపించెను. మొదటి పోటీ 1992లో న్యూహాంప్‌షైర్ రాష్ట్రమున జరిగినది. ప్రతి జనవరిలోను ఆ యేటి ఆటను ప్రకటింతురు. బంతులను గమ్యములో వేయుట, వస్తువులను పేర్చుట వంటి పనులు అందుండును. ఉన్నత పాఠశాల విద్యార్థులు ఆ పనులు చేయగల రోబోట్‌ను కొద్ది వారములలో నిర్మింపవలెను. ఒక్కొక్క ఆట సుమారు రెండున్నర నిమిషములు. మూడు రోబోట్‌లు ఒక పక్షము, మూడు ఎదుటి పక్షము.

2005లో కెనడాలోని నయాగరా ప్రాంతపు మూడు జట్లు కలిసి, ఒకే నమూనాపై మూడు రోబోట్‌లను నిర్మించినవి. ఇట్టి సహకారమునకు ఆక్షేపణలు లేకపోలేదు. వాటి బలమును ఒక చిన్న లెక్కతో చూడవచ్చును. నమూనా పనికి 600 గంటలు పట్టుననుకొందము. ఒంటరి జట్టు అంతయు తానే చేయవలెను. మూడు జట్లలో చక్రములను ఒకటి, వస్తువులనెత్తు చేతిని ఒకటి, ప్రోగ్రామును ఒకటి పంచుకొన్నచో వాటా 200 గంటలే. మిగిలిన కాలము రోబోట్‌ను పరీక్షించుటకు, నడుపుట అభ్యసించుటకు దక్కును. చుట్టుపట్ల మరియొక జట్టు లేని పాఠశాలకు ఈ సౌకర్యము లేదు.

అయితే లాభమంతయు ఒకవైపే లేదు. ఒకరు చేసిన భాగము మరొకరి భాగముతో అతుకుటకు వేరే శ్రమ కావలెను. నమూనాలో దోషమున్నచో అది మూడు యంత్రములలోను ఉండును. పైగా కాగితముమీది గీత యంత్రము కాదు. రంధ్రము కొంచెము ప్రక్కకు పడినను పళ్ళ చక్రములు బిగిసిపోవును. ఒక తీగ వదులైనను రోబోట్ నిలిచిపోవును. ఆ పని ఏ జట్టుకు ఆ జట్టే నేర్వవలెను.

నియమావళి ఈ చిక్కును ఎట్లు విడదీసినది? రోబోట్‌ను జట్టే నిర్మింపవలెను. కాని ఇతర జట్ల సహాయము పొందుట, వారు చేసిన భాగములు వాడుట నిషిద్ధము కాదు. ఆట ప్రకటింపక ముందే తయారైన నమూనాలను, ప్రోగ్రాములను మాత్రము అందరికి అందుబాటులో ఉంచిననే వాడవలెను. అనగా దోషము పంచుకొనుటలో లేదు, కొందరితోనే పంచుకొని దాచుటలో ఉన్నది. హ్యూస్టన్ ప్రాంతపు ‘రోబోనాట్స్’ జట్టు, సాధారణ పనిముట్లతో చేయదగిన ‘ఎవ్రీబాట్’ నమూనాలను బహిరంగముగా ప్రకటించినది. అట్లు చేసినప్పుడు ఒంటరి పాఠశాలకును తోడు దొరకును.

ఇక మిగిలినది చదువు. మోటారు నిమిషమునకు 6000 చుట్లు తిరుగుచున్నదనుకొందము. పళ్ళ చక్రములు ఆ వేగమును పదవ వంతునకు తగ్గించినచో, 15 సెంటీమీటర్ల వ్యాసముగల చక్రముతో రోబోట్ సెకనుకు సుమారు 4.7 మీటర్లు పోవును. ఇరువదవ వంతునకు తగ్గించినచో వేగము సగమగును. రాపిడిని విడిచి లెక్కించినచో లాగు బలము రెట్టింపగును. ఈ ఆటకు ఏది తగును? ఎందుకు? నమూనా ఎవరిదైనను ఈ ప్రశ్నకు జవాబు చెప్పగల విద్యార్థి దానిని తనదిగా చేసికొన్నాడు. చెప్పలేనివాడు, దానిని గీచినది తన జట్టే అయినను, చూచి వ్రాసినవానితో సమానుడు. పోటీకి విద్యార్థులను సిద్ధపరచు ఉపాధ్యాయుడు బహుమతికంటె ముందు అడుగవలసిన ప్రశ్న ఇదియే.