మరల చేపట్టిన లెక్క



వైద్యులకు తోడ్పడు సాఫ్ట్‌వేరును రచించి, కొన్నియేండ్లు విడిచి, మరల దానిని చేపట్టువారు మొట్టమొదట చేయవలసిన దేమి? నేటి ప్రసంగవిషయ మిదియే.

మా పటాన్‌చెరు చుట్టుపట్ల ఔషధములు తయారుచేయు కర్మాగారములు పెక్కు గలవు. మూత్రపిండముల ద్వారా వెడలు మందును, ఎంత మంచిదైనను, వాని శక్తి నెఱిగియే ఈయవలెను. మధుమేహమున కిచ్చు మెట్‌ఫార్మిన్ అట్టిది. ఆ మందు ఈయవచ్చునో లేదో చెప్పు సాఫ్ట్‌వేరును 2010లో రచించిన యొకామె, బిడ్డల పెంపకమునకై ఉద్యోగము మాని, నేడు మరల వచ్చిన దనుకొందము. తెఱచి చూడగా అది తొల్లింటివలెనే తడబాటు లేక నడచుచున్నది. ఇక చేయవలసినది లేదని తోచును. ప్రమాద మచ్చటనే యున్నది.

2010నాటి అమెరికా నియమము నెత్తురులోని క్రియాటినిన్ అను పదార్థమునే చూచెడిది. డెసిలీటరునకు పురుషులకు 1.5, స్త్రీలకు 1.4 మిల్లీగ్రాములు ముట్టినచో మందు నిషిద్ధము. 2016లో ఆ నియమము మాఱినది. ఇప్పుడు క్రియాటినిన్‌తోపాటు వయస్సును, స్త్రీపురుషభేదమును గూడ లెక్కగట్టి, మూత్రపిండములు నిమిషమునకు ఎంత వడగట్టునో అంచనా వేయుదురు. అది 30 మిల్లీలీటర్లకు తగ్గినచో మందు నిషిద్ధము. 30కిని 45కిని నడుమ నున్నచో క్రొత్తగా మొదలిడరాదు. ఆ లెక్కసూత్రమును గూడ 2021లో సవరించిరి.

దీనిచే కలుగు భేద మెంత? 50 ఏండ్ల పురుషునకు క్రియాటినిన్ 1.6 ఉన్నదనుకొనుడు. పాతనియమము నిషేధించును, క్రొత్తలెక్కలో అంచనా 52, మందు ఈయవచ్చును. 78 ఏండ్ల వృద్ధురాలికి 1.3 ఉన్నదనుకొనుడు. పాతనియమము సరే యనును. క్రొత్తలెక్కలో 42, మొదలిడరాదు. ఒకరికి దక్కవలసిన మందు దక్కదు. వేఱొకరికి కూడనిది కడుపులో పడును. సాఫ్ట్‌వేరులో ఒక్క యక్షరమైనను చెడలేదు!

పంచాంగము గుణించు పెద్దలు, పూర్వసిద్ధాంతపు లెక్క ఆకసమున కనబడు గ్రహమునకు సరిపడకున్నచో, బీజసంస్కారము చేసి సరిదిద్దెడివారు. గ్రంథమును పాఱవేయలేదు, గ్రంథమును నమ్మి కంటికి కనబడుదానిని కాదనను లేదు.

కావున మరల వచ్చినవారు క్రొత్త సొగసులు చేర్చుటకు ముందు, లెక్కలోని ప్రతిసంఖ్యయు ఏనాటి నియమమో వెదకి, సంవత్సరముతో వ్రాసి యుంచవలెను. పై యిద్దఱివంటి రోగుల లెక్కలు పది చేతితో గట్టి, యంత్రపు టుత్తరములతో పోల్చవలెను. పిదప వైద్యునకు చూపి, ఆయన సరే యన్న తరువాతనే వాడుకకు విడువవలెను.

ఆ వృద్ధురాలు ఈ నియమము లేవియు నెఱుగదు. చేతి కిచ్చిన చీటిని నమ్మి మందు మ్రింగును.