చైనా న్యాయసంస్కృతిలో శాసనపదం - అర్థనిర్ణయాధికారం

1. ఉపోద్ఘాతం

ఒక చర్య నేరమా కాదా అని తేల్చడమంటే, శాసనంలోని ఒక పదం ఆ చర్యకు వర్తిస్తుందో లేదో తేల్చడమే. అందువల్ల ఆ పదానికి అర్థం చెప్పే అధికారం ఎవరిది అన్న ప్రశ్న కీలకమవుతుంది. చైనా న్యాయచరిత్రలో ఈ ప్రశ్న తలెత్తిన నాలుగు సందర్భాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

2. లిఖితశాసనంపై వివాదం

క్రీ.పూ. 536లో జెంగ్ రాజ్య మంత్రి జీచాన్ శిక్షాశాసనాన్ని కంచులో పోత పోయించాడు. పొరుగున ఉన్న జిన్ రాజ్యానికి చెందిన షూషియాంగ్ దీనిని నిరసిస్తూ ఆయనకు లేఖ రాసినట్లు 'జ్వోజ్వాన్' అనే చరిత్రగ్రంథం చెబుతుంది. శాసనం తెలిస్తే ప్రజలు పెద్దలకు వెరవరనీ, అక్షరాలను ఆధారం చేసుకొని వాదులాడతారనీ ఆయన హెచ్చరిక. లోహంపై నిలిచిన మాటకు అర్థం చెప్పే అవకాశం ప్రజలకూ దక్కుతుందన్నదే ఈ భయానికి మూలం.

3. తాంగ్ స్మృతి: వ్యాఖ్యానానికి శాసనస్థాయి

తాంగ్ వంశపాలనలో సా.శ. 653లో వ్యాఖ్యానసహితంగా వెలువడిన శిక్షాస్మృతిలో 12 విభాగాలు, 502 నిబంధనలు ఉన్నాయి. చక్రవర్తి ఆజ్ఞతో రూపొందిన ఆ వ్యాఖ్యానానికి మూలంతో సమానమైన ప్రామాణ్యం లభించింది. అది పదాలను నిర్వచిస్తూ, సందేహాలను ప్రశ్నోత్తరాల రూపంలో తీరుస్తూ సాగుతుంది. తీర్పు చెప్పే అధికారి సంబంధిత శాసనపాఠాన్ని తప్పక ఉదాహరించాలి. లేకుంటే అతనికే 30 బెత్తం దెబ్బలు. ఈ విధంగా శాసనభాష న్యాయాధికారిని కూడా బంధించింది. తుది అర్థం చెప్పే అధికారం మాత్రం సింహాసనం వద్దే ఉండిపోయింది.

4. 'హక్కు'కు సమానపదం

1864లో అమెరికన్ మిషనరీ విలియం మార్టిన్, హెన్రీ వీటన్ రచించిన అంతర్జాతీయ న్యాయగ్రంథానికి చైనీస్ అనువాదాన్ని ప్రచురించాడు. అందులో హక్కు అనే భావనకు 'ఛ్వాన్‌లీ' అనే పదాన్ని వాడాడు. 'ఛ్వాన్' అంటే అధికారం, 'లీ' అంటే లాభం. ప్రాచీన తాత్త్వికుడు షున్‌జీ రచనలో ఇవి ఉత్తముణ్ణి చలింపజేయలేని ప్రలోభాలు. న్యాయంగా చెందవలసినది అన్న అర్థం ఈ సమాసంలో సహజంగా లేదు. పదం స్థిరపడింది, హక్కు కోరడం స్వార్థంగా ధ్వనించే అవకాశమూ దానితోపాటే వచ్చింది.

5. ఒకే ఉచ్చారణ, రెండు భావనలు

ఆధునిక చైనీస్‌లో 'ఫాజి' అని ఒకే విధంగా పలికే రెండు పదాలున్నాయి. రెండింటిలోనూ మొదటి లిపిచిహ్నానికి అర్థం 'చట్టం'. రెండవ చిహ్నానికి ఒకదానిలో 'వ్యవస్థ', మరొకదానిలో 'పాలన' అని అర్థం. 1999 రాజ్యాంగ సవరణ చట్టపాలన గల సోషలిస్టు రాజ్యాన్ని లక్ష్యంగా ప్రకటిస్తూ 'పాలన' రూపాన్ని స్వీకరించింది. 2018 సవరణ పీఠికలో 'వ్యవస్థ' రూపానికి బదులుగా 'పాలన' రూపాన్ని చేర్చింది. 5వ అధికరణంలో మాత్రం ఈ రెండూ నేటికీ ఉన్నాయి. రాజ్యాంగానికి అర్థం చెప్పే అధికారం జాతీయ ప్రజా కాంగ్రెస్ స్థాయీసంఘానిది. న్యాయస్థానాలకు ఆ అధికారం లేదు.

6. ముగింపు

శాసనాన్ని రాసి ఉంచడం, దాని మాటకు పాలకుడు కట్టుబడటం వేర్వేరు విషయాలని ఈ నాలుగు సందర్భాలు తెలుపుతున్నాయి. పదాన్ని మార్చినంత మాత్రాన అర్థనిర్ణయాధికారం చేతులు మారదు. చైనా రాజ్యాంగాన్ని తెలుగులోకి తేదలచినవారు ఈ రెండు 'ఫాజి'లనూ 'చట్టపాలన' అనే అనువదిస్తే, ఈ చర్చ అంతా మన పాఠకునికి కనబడకుండా పోతుంది. 'చట్టవ్యవస్థ', 'చట్టపాలన' అని వేరుచేసి చూపడం అందువల్ల అవసరం.