తనిఖీలో తప్పిన బండి తుక్కు కాదు

పాత మోటారు సైకిల్‌కు ముందు చేయించాల్సింది ఇంజను పని కాదు, బ్రేకుల పని

వాడపల్లి: కృష్ణా, మూసీ నదులు కలిసే ఈ ఊరి చుట్టుపక్కల సన్నకారు రైతుకు ట్రాక్టరు లేకపోయినా మోటారు సైకిల్ లేనిదే రోజు గడవదు. పొలానికి యూరియా బస్తా చేరవేయాలన్నా, మిర్యాలగూడ పోయి పురుగు మందు తేవాలన్నా, పొద్దున్నే పాలు పోసి రావాలన్నా బండే ఆధారం. ఇప్పటికీ ఏపీ 24 నంబరుతో తిరుగుతున్న బండ్లు ఎన్నో. 2014 జూన్‌కు ముందు నల్లగొండ జిల్లాలో రిజిస్టరయిన ఇలాంటి బండ్లన్నీ 2029 నాటికి 15 ఏళ్ళు దాటుతాయి. హీరో, హోండా కంపెనీలు 2010 డిసెంబరులో విడిపోవాలని నిర్ణయించుకున్నాయి. కాబట్టి ట్యాంకు మీద 'హీరో హోండా' అని ఉన్న బండ్లలో చాలావాటికి ఆ గడువు ఇప్పటికే వచ్చేసింది.

15 ఏళ్ళు నిండిన బండిని రవాణా శాఖ తనిఖీకి తీసుకుపోవాలి. అక్కడ బండి పాసు కాకపోతే చాలామంది రెండు తప్పుల్లో ఏదో ఒకటి చేస్తారు. కొందరు 'ఇక ఇది పనికిరాదు' అనుకుని పాత ఇనుము కింద అమ్మేస్తారు. మరికొందరు కాగితం లేకుండానే ఊళ్ళో తిప్పుతుంటారు. రెండూ నష్టమే. తనిఖీలో తప్పిన బండిని మరమ్మతు చేయించి మళ్ళీ చూపించుకోవచ్చు.

చట్టం ఏమంటోంది?

1988 మోటారు వాహనాల చట్టం 41వ సెక్షన్ ప్రకారం సొంత వాడకపు బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు చెల్లుతుంది. ఆ తరువాత ఐదేళ్ళకోసారి పొడిగించుకోవచ్చు. గడువు తీరడానికి 60 రోజుల ముందు నుంచి ఫారం 25తో దరఖాస్తు పెట్టుకోవాలి. మోటారు వాహనాల తనిఖీ అధికారి, అంటే పల్లెల్లో మనం 'బ్రేకు ఇన్‌స్పెక్టరు' అని పిలిచే అధికారి, బండిని చూసి రోడ్డు మీద తిరగడానికి తగినదని తేలిస్తేనే ఆర్సీ పొడిగిస్తారు.

మోటారు సైకిల్‌కు ఈ ఫీజు 2022 ఏప్రిల్ 1 నుంచి రూ. 300 నుంచి రూ. 1000కి పెరిగింది. 20 ఏళ్ళు దాటిన బండికి 2025 ఆగస్టులో రూ. 2000 చేశారు. గడువు దాటాక ఆలస్యమైన ప్రతి నెలకూ రూ. 300 అదనంగా పడుతుంది. గ్రీన్ ట్యాక్స్ వేరు. డబ్బు కట్టే రోజున ఎంతో కార్యాలయంలోనే అడిగి తెలుసుకోవడం మంచిది.

'15 ఏళ్ళు దాటితే బండి తుక్కే' అనే మాట ఊళ్ళలో బాగా తిరుగుతోంది. 15 ఏళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ పొడిగించరాదన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి వచ్చింది. అది సర్కారు బండ్లకే. ఢిల్లీ ప్రాంతంలో పాత బండ్లపై పెట్టిన ఆంక్షలు కూడా మనకు వర్తించవు. ఇక్కడ రైతు బండిని వయసును బట్టి కాక స్థితిని బట్టే చూస్తారు.

ఇంజను దగ్గర మొదలుపెట్టవద్దు

బండి పాసు కాలేదనగానే మెకానిక్ దగ్గరకు పోయి 'ఇంజను విప్పి చూడు' అనడం మామూలు. తనిఖీలో ముందు చూసేది బండి ఎంత బలంగా లాగుతుందని కాదు. ఆగుతుందా, కనిపిస్తుందా, పట్టు తప్పకుండా పోతుందా అని చూస్తారు. కాబట్టి అధికారి చెప్పిన లోపాలను ఒక కాగితం మీద రాయించుకుని, ఆ వరుసలోనే పని చేయించాలి. చేతిలో ఉన్న డబ్బు ముందు బ్రేకులకు, తరువాత టైర్లకు, ఆ తరువాత లైట్లకు పోవాలి.

బ్రేకులు: పాత 100 సి.సి. బండ్లలో చాలావాటికి రెండు వైపులా డ్రమ్ము బ్రేకులే. బ్రేకు గట్టిగా పట్టినప్పుడు డ్రమ్ము పక్కనున్న బాణం గుర్తు ప్లేటు మీది గీతకు చేరితే లైనింగ్ అరిగిపోయినట్టే. అప్పుడు నట్టు బిగించి సరిపెట్టుకోకూడదు, షూలు మార్చాల్సిందే. డ్రమ్ము లోపల గాడి పడిందేమో కూడా చూడాలి. పిడికీ పెడలుకూ సుమారు అంగుళం ఖాళీ ఆట ఉండాలి. బిగించాక చక్రం చేత్తో తిప్పితే పట్టేయకుండా తిరగాలి. వైరు పోగులు తెగి ఉంటే మార్చాలి. లైనింగ్ పొడిని నోటితో ఊదవద్దు, తడి గుడ్డతో తుడవాలి. దమ్ము చేసిన పొలం నుంచి వచ్చి కాలువలో బండి కడిగితే డ్రమ్ములోకి నీరు చేరి బ్రేకు జారుతుంది. కడిగిన తరువాత కాస్త దూరం మెల్లగా నడుపుతూ బ్రేకు తేలికగా నొక్కి తడి ఆరనివ్వాలి.

టైర్లు, చక్రాలు: గాడి అడుగున ఉండే చిన్న గట్టు వరకు టైరు అరిగితే దాని పని అయిపోయినట్టు. టైరు పక్కన ఉండే నాలుగు అంకెలు తయారైన వారాన్ని, సంవత్సరాన్ని చెబుతాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం అన్నమాట. గాడి ఉన్నా పక్కలు పగిలిన టైరును నమ్మకూడదు. స్ప్లెండర్ లాంటి బండికి ముందు టైరు నాలుగు ప్లైలది, వెనక టైరు ఆరు ప్లైలది. ముందు టైరు 150 కిలోలు, వెనక టైరు 180 కిలోలు మోయడానికి తయారైనవి. అరిగిన వెనక టైరు తీసి దాని చోట ముందు టైరు వేస్తే, 45 కిలోల యూరియా బస్తాలు రెండు వేసినప్పుడు అది తట్టుకోదు. వదులైన పుల్లలు, వంగిన రిమ్ము, శబ్దం చేసే బేరింగు ఉంటే అదే విడతలో సరిచేయించాలి.

హ్యాండిలు, ఫోర్కు: బండిని నడిమి స్టాండు మీద పెట్టి ముందు చక్రం నేలకు తగలకుండా ఎత్తాలి. ఫోర్కు కింది భాగం పట్టుకుని ముందుకూ వెనక్కూ కదిపితే టకటకమన్నా, హ్యాండిలు మెల్లగా తిప్పుతుంటే నడుమ గుంటలో పడ్డట్టు ఆగినా కోన్ సెట్ అరిగిందని అర్థం. ఫోర్కు మీదికి నూనె కారుతుంటే ఆయిల్ సీలు మార్చాలి. వెనక చక్రాన్ని పక్కలకు ఊపినప్పుడు ఆడితే వెనక ఆర్ము బుష్షులు పోయినట్టు.

చైను: కింది వరుస నడిమిలో పైకీ కిందికీ సుమారు అంగుళం కదలాలి. చక్రాల పళ్ళు కొక్కెంలా వంగితే చైను ఒక్కటే కాదు, రెండు పళ్ళ చక్రాలూ కలిపి మార్చాలి. లేకుంటే కొత్త చైను కూడా తొందరగా పోతుంది.

లైట్లు, హారను: పాత 100 సి.సి. బండ్లలో చాలావాటికి హెడ్‌లైటు కరెంటు నేరుగా ఇంజను కాయిల్ నుంచి వస్తుంది. ఎక్సలేటరు తగ్గిస్తే లైటు మసకబారేది అందుకే. అలాంటి బండికి లైటు కోసం బ్యాటరీ మార్చినా ఫలితం ఉండదు. బల్బు, హోల్డరు, తుప్పు పట్టిన ఎర్తు జాయింటు ముందు చూడాలి. హారను, ఇండికేటర్లు పనిచేయకపోతే బ్యాటరీ చూడాలి. ముందు బ్రేకు, వెనక బ్రేకు ఏది పట్టినా వెనక ఎర్ర లైటు వెలగాలి. వెనక రిఫ్లెక్టరు, అద్దం తప్పనిసరి.

పొగ: 2000 ఏప్రిల్ తరువాత తయారైన పాత నాలుగు స్ట్రోకుల బండికి పొగలో కార్బన్ మోనాక్సైడ్ 3.5 శాతం మించరాదు. నల్లపొగ వస్తే ఎయిర్ ఫిల్టరు, ప్లగ్గు, కార్బొరేటరు చూపించాలి. చాలాసార్లు ఇంతటితోనే సరిపోతుంది. నీలిపొగ ఆగకుండా వస్తూ ఇంజను ఆయిలు తగ్గుతుంటే అప్పుడే ఇంజను విప్పించాలి.

నంబరు కనిపించకపోతే

పాత బండ్లకు ఛాసిస్ నంబరు మీద తుప్పు, మట్టి, రంగు పేరుకుపోతాయి. కిరోసిన్ గుడ్డతో మెల్లగా తుడిచి నంబరు చదవగలిగేలా చేయాలి. గరుకు కాగితంతో గట్టిగా రుద్దితే అంకెలే పోతాయి. మెకానిక్‌తో కొత్తగా నంబరు కొట్టించడం నేరం. నంబరు ఎంతకీ కనిపించకపోతే ఆ సంగతి అధికారికే చెప్పి, ఆయన చెప్పిన ప్రకారం నడుచుకోవాలి.

పాల క్యాన్లకు అడ్డుగా ఉందని చీర గార్డు, వెనక కూర్చునేవారి పాదాల పట్టీలు తీసేయడం చాలా ఊళ్ళలో ఉన్నదే. అవి తిరిగి బిగించాలి. పక్కకు పొడుచుకొచ్చే ఇనుప చట్రాలు విప్పి తీసుకుపోవాలి. అనుమతి లేకుండా వేరే ఇంజను ఎక్కించడం, బండి రూపం మార్చడం 52వ సెక్షన్ కింద చెల్లదు.

ఎక్కడ ఆగాలి?

ఛాసిస్ గొట్టం పగిలినా, తుప్పుతో సన్నబడినా, ఒకసారి ప్రమాదంలో వంగి ఉన్నా డబ్బు పెట్టవద్దు. అతుకు వేసిన ఛాసిస్ బస్తా బరువుకు ఎప్పుడు విరుగుతుందో తెలియదు. పని మొదలుపెట్టే ముందు మొత్తం ఖర్చు అడిగి, అదే రకం పాసైన పాత బండి ధరతో పోల్చి చూడాలి. ఖర్చు సగం ధర దాటుతుంటే మరోసారి ఆలోచించాలి. మార్చిన పాత సామాన్లు అడిగి తీసుకోవాలి, బిల్లు దాచుకోవాలి.

కాగితం లేకపోతే కుటుంబానికే దెబ్బ

'ఊళ్ళోనే కదా తిప్పేది, ఎవరు చూస్తరు?' అనుకోవద్దు. రిజిస్ట్రేషన్ లేకుండా నడిపితే 192వ సెక్షన్ కింద మొదటిసారి రూ. 2000 నుంచి రూ. 5000 వరకు జరిమానా ఉంది. అంతకన్నా పెద్ద దెబ్బ బీమా దగ్గర తగులుతుంది. చెల్లే రిజిస్ట్రేషన్ లేని బండికి నష్టపరిహారం నిరాకరించడం సరైనదేనని సుప్రీంకోర్టు 2014లోనూ 2021లోనూ తీర్పులు ఇచ్చింది. బండి యజమానికి రూ. 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా తీసుకునే వీలుంది. దానికి చెల్లే డ్రైవింగ్ లైసెన్సు ఉండాలి. ఆ సొమ్ము ఇంటి పెద్ద పోయిన రోజున పిల్లలకు అందాల్సినది.

నార్కెట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీద సిమెంటు లారీలు, ధాన్యం లారీలు పగలూ రాత్రీ తిరుగుతుంటాయి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోగా, వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాలపై ఉన్నవారే. చీకట్లో వెనక లైటు లేని బండి లారీ డ్రైవరుకు దగ్గరకు వచ్చేదాకా కనిపించదు. తనిఖీ అధికారి కాగితం మీద రాసే లోపాలు, ఆ రోడ్డు మీద ప్రాణం తీసే లోపాలు చాలావరకు ఒకటే.

మళ్ళీ తనిఖీకి పోయే ముందు

• అధికారి రాసిన లోపాలన్నీ ఒక్కొక్కటిగా సరిచూసుకోవాలి.

• బండి కడిగి, ఆరబెట్టి, నంబరు ప్లేటు, ఛాసిస్ నంబరు కనిపించేలా తుడవాలి.

• ఆర్సీ, బీమా, కాలుష్య ధ్రువపత్రం, లైసెన్సు వెంట ఉంచుకోవాలి.

• ఒకరు వెనక నిలబడి రెండు బ్రేకులకూ ఎర్ర లైటు వెలుగుతోందా చూడాలి.

• హెల్మెట్ పెట్టుకునే పోవాలి.

• కోతలు, నాట్లు మొదలయ్యేదాకా ఆగకుండా పని తక్కువగా ఉన్న రోజుల్లోనే మరమ్మతు పూర్తి చేయించుకోవాలి.