ఇప్పుడు మీరు ఎక్కడున్నారు?

వీడియో తెరుచుకోగానే అటునుంచి థెరపిస్టు అడిగే మొదటి ప్రశ్న ఇదే. ఏ ఊరు, ఏ అడ్రసు, పక్కన ఎవరైనా ఉన్నారా, కాల్ తెగిపోతే ఏ నంబరుకు చేయాలి? టెక్సస్‌లోని ఫ్రిస్కోలో, గరాజ్‌లో ఆపిన కారులో కూర్చుని, ఫోను స్టీరింగ్‌కు ఆనించి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న ఓ తెలుగమ్మాయిని ఊహించుకోండి. ఇంట్లో ఇండియా నుంచి వచ్చిన అత్తమామలున్నారు. పై గదిలో భర్త ఆఫీసు మీటింగులో ఉన్నాడు. నోరారా మాట్లాడాలన్నా, కళ్లనిండా ఏడవాలన్నా ఆమెకు దొరికిన చోటు ఆ కారే. ‘మా గరాజ్‌లోనేనండీ’ అంటుంది. అదే కూకట్‌పల్లిలో పుట్టింటి నుంచి మాట్లాడుతున్నానని చెబితే, ఆ రోజు సెషన్ దాదాపు అక్కడితో ఆగిపోయేది.

అమెరికాలో థెరపిస్టులకు లైసెన్సు ఇచ్చేది రాష్ట్రం. సలహా తీసుకునే మనిషి ఆ గంటలో ఏ రాష్ట్రంలో ఉంటే, థెరపిస్టుకు ఆ రాష్ట్రం లైసెన్సు ఉండాలి. సెలవులకు ఇండియా వచ్చిన నెలలో సెషన్లు ఆగిపోయేది అందుకే. అడ్రసు అడగడానికి ఇంకో కారణం ఉంది, నా దృష్టిలో అదే పెద్దది. మాటల మధ్యలో ప్రాణం మీదికొచ్చే సంగతి ఏదైనా బయటపడితే, అంబులెన్సును ఏ గుమ్మానికి పంపాలో థెరపిస్టుకు తెలియాలి.

తెర అవతల ఉన్నావిడ డాక్టరు కాదు, సైకాలజిస్టూ కాదు. లైసెన్స్‌డ్ క్లినికల్ సోషల్ వర్కర్, పొట్టిగా ఎల్‌సీఎస్‌డబ్ల్యూ. మనవాళ్లు చాలామంది వెనక్కి తగ్గేది ఇక్కడే. ‘నేనేమైనా దిక్కులేనిదాన్నా, సోషల్ వర్కర్‌తో నాకేం పని’ అనుకుంటారు. ఆవిడ చదువు చూస్తే ఆ మాట అనరు. ముందు సోషల్ వర్క్‌లో మాస్టర్స్. ఆ తర్వాత సీనియర్ల పర్యవేక్షణలో ఏళ్ల తరబడి పని. టెక్సస్‌లోనైనా, కాలిఫోర్నియాలోనైనా 3,000 గంటలు. ఆపైన క్లినికల్ పరీక్ష. కుంగుబాటు, ఆందోళన వంటివి గుర్తించి, మాటల ద్వారా చికిత్స చేసే అధికారం ఆవిడకు ఉంది. మందులు మాత్రం రాయలేరు. మందు అవసరమనిపిస్తే సైకియాట్రిస్టు దగ్గరికో, ఫ్యామిలీ డాక్టరు దగ్గరికో పంపుతారు.

ఈ వృత్తి నిన్నమొన్న పుట్టింది కాదు. మొదటి ప్రపంచయుద్ధం నుంచి మనసు చెదిరి తిరిగొచ్చిన సైనికులకు సాయపడేవాళ్లను తయారుచేయడానికి 1918లోనే స్మిత్ కాలేజీ శిక్షణ మొదలుపెట్టింది.

నోట్సు ఇవ్వనన్న సోషల్ వర్కర్

చెప్పుకున్న మాట నాలుగు గోడలు దాటదని నమ్మకమేమిటి? మనవాళ్లను అన్నిటికంటే ఎక్కువగా తొలిచే ప్రశ్న ఇది. దీనికి అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన జవాబులో సోషల్ వర్కరే ప్రధాన పాత్ర.

1991లో ఇల్లినాయ్ రాష్ట్రంలో మేరీ లూ రెడ్‌మండ్ అనే పోలీసు అధికారిణి డ్యూటీలో ఉండగా ఒక వ్యక్తిని కాల్చి చంపింది. ఆ తర్వాత క్యారెన్ బేయర్ అనే క్లినికల్ సోషల్ వర్కర్ దగ్గర సుమారు 50 సార్లు కౌన్సెలింగ్ తీసుకుంది. మృతుడి కుటుంబం దావా వేసి, ఆ నోట్సు బయటపెట్టమంది. కోర్టు ఆదేశించినా ఇద్దరూ ససేమిరా అన్నారు. అలాగైతే అందులో ఆమెకు వ్యతిరేకమైన విషయాలే ఉన్నాయని అనుకోవచ్చని కింది కోర్టు జడ్జి జ్యూరీకి చెప్పారు. వ్యవహారం సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. 1996 జూన్‌లో 7-2 మెజారిటీతో తీర్పు వచ్చింది. చికిత్సలో చెప్పుకున్న మాటలను బయటపెట్టమని ఫెడరల్ కోర్టులు బలవంతం చేయరాదు. ఈ రక్షణ సైకియాట్రిస్టులకూ సైకాలజిస్టులకూ మాత్రమే కాదు, లైసెన్సున్న సోషల్ వర్కర్లకూ వర్తిస్తుంది. తీర్పు రాసిన జస్టిస్ స్టీవెన్స్, పేదలూ చిన్న ఆదాయాలవాళ్లూ తరచూ వెళ్లేది వీళ్ల దగ్గరికేనని గుర్తుచేశారు. ఫీజు తక్కువైనంత మాత్రాన రహస్యానికి విలువ తగ్గదని చెప్పిన తీర్పుగా నేను దాన్ని చదువుతాను.

మినహాయింపులు లేకపోలేదు. పిల్లల్ని హింసిస్తున్నారన్న అనుమానం వస్తే అధికారులకు తెలియజేయడం ఆవిడ చట్టబద్ధమైన బాధ్యత. సలహా తీసుకునే మనిషికో, వేరొకరికో ప్రాణాపాయం ఉందనిపించినా గోప్యత పక్కకు వెళ్తుంది. ఈ సంగతులు మొదటి సెషన్‌లోనే చెప్పాలి. చెప్పకపోతే అడగండి.

బతుకంతా చూసే చూపు

వలస వెళ్లిన కుటుంబాలకు సోషల్ వర్కర్ దగ్గరి తోడని నేననడానికి కారణం ఆవిడ అడిగే ప్రశ్నలు. నిద్ర పడుతోందా అన్నదాంతో ఆగరు. ఇంట్లో ఎవరెవరున్నారు, బ్యాంకు ఖాతా ఎవరి పేరున ఉంది, ఇంట్లో భయం లేకుండా ఉండగలుగుతున్నారా, వీసా ఎవరి మీద ఆధారపడి ఉంది అని అడుగుతారు. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే మామూలుగా దొరికే గడువు 60 రోజులు. ఆ 60 రోజుల్లో పట్టని నిద్రను ఉత్త జబ్బుగా చూస్తే సరిపోదు. గుండె దడకు ఊపిరి పట్టి వదిలే పద్ధతి నేర్పుతూనే, వలస వ్యవహారాల లాయరును ఎక్కడ వెతకాలో, గృహహింస ఉంటే ఎవరిని ఆశ్రయించాలో చెప్పడం ఈ వృత్తి శిక్షణలోనే ఉంది.

భాష విషయంలో ఆన్‌లైన్ చేసిన మేలు చిన్నది కాదు. టెక్సస్‌లో మారుమూల పట్నంలో ఉన్నవాళ్లు హ్యూస్టన్‌లోని తెలుగు థెరపిస్టుతో మాట్లాడవచ్చు. ‘ఆడపడుచు దెప్పింది’ అన్న ఒక్క మాట ఇంగ్లిషులో విడమర్చి చెప్పేసరికి సగం సెషన్ అయిపోతుంది.

అయితే యాప్ కనబడగానే వివరాలన్నీ నింపేయకండి. బెటర్‌హెల్ప్ సంస్థ వినియోగదారుల వివరాలను ఫేస్‌బుక్, స్నాప్‌చాట్ వంటి కంపెనీలకు ప్రకటనల కోసం ఇచ్చిందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023లో అభియోగం మోపింది. తప్పు ఒప్పుకోకుండానే ఆ సంస్థ 78 లక్షల డాలర్లు చెల్లించడానికి అంగీకరించింది. థెరపిస్టు పూర్తి పేరు తీసుకుని రాష్ట్ర లైసెన్సింగ్ బోర్డు వెబ్‌సైట్‌లో చూడండి. పైసా ఖర్చు లేదు. ఆఫీసు తరఫున ఉచిత సెషన్లు ఉన్నాయేమో కనుక్కోండి. లేని శబ్దాలు వినబడుతున్నా, చచ్చిపోవాలన్న ఆలోచన గట్టిపడుతున్నా వీడియో సెషన్ కోసం వారం ఆగకూడదు.

మన దేశంలోనూ ఈ వృత్తికి గుర్తింపు ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌ను నిపుణుల జాబితాలో చేర్చింది. సోషల్ వర్క్‌లో పీజీ తర్వాత రెండేళ్ల ఎంఫిల్ చేసి ఉండాలంది.

ఇక్కడున్న అమ్మానాన్నలకు ఒక మాట. అమెరికాలో ఉన్న మీ బిడ్డ ‘థెరపిస్టుతో మాట్లాడుతున్నాను’ అంటే, ‘నీకేం తక్కువైందని’ అనకండి. ‘మంచి పని చేశావు’ అనండి. అత్యవసరమైతే ఫోను చేయాల్సిన హెల్ప్‌లైన్లు అక్కడ 988, ఇక్కడ టెలి మానస్ 14416. రెండూ ఉచితం, రాత్రీపగలూ పలుకుతాయి. టెలి మానస్‌లో తెలుగులోనే మాట్లాడవచ్చు.