కాలర్ టీషర్ట్... కొలత చూశారా?

అలంపూర్ చౌరస్తాలో తెల్లవారుజామునే హైదరాబాద్ బస్సెక్కి ఇంటర్వ్యూకు వెళ్తున్నారా? మెయిల్‌లో ‘బిజినెస్ క్యాజువల్స్’ అని ఉంటే కాలర్ టీషర్ట్ చాలు. పోలో, గోల్ఫ్ షర్ట్ అనేది దీన్నే. పొడుగు చేతుల చొక్కాతో ఆట కష్టమని టెన్నిస్ ఆటగాడు రెనే లాకోస్ట్ 1926లో ఇలాంటిది వేసుకుని బరిలో దిగాడు. అంటే ఇది పుట్టిందే సౌకర్యం కోసం.

నా మొదటి ఇంటర్వ్యూకు ‘ఇంకో రెండేళ్లు వస్తుందిలే’ అని ఒక సైజు పెద్దది కొన్నా. వాళ్లు ప్రశ్నలడుగుతుంటే నా ధ్యాసంతా జారే భుజం మీదే. తెలిసిన జవాబుకే తడబడ్డా! మీరు ఆ తప్పు చేయొద్దు.

* భుజం కుట్టు సరిగ్గా భుజం ఎముక అంచున ఉండాలి.
* గుండీలు పెట్టాక ఛాతీ దగ్గర బిగుసుకోకూడదు. చెయ్యెత్తినా, కూర్చున్నా టక్ ఊడకూడదు.
* మన ఎండలకు కాటన్ పికే మేలు. దాని గరుకు నేతలో గాలి ఆడుతుంది. పాలిస్టర్ త్వరగా ఆరినా చెమట వాసన పట్టేస్తుంది.
* ఆన్‌లైన్‌లో కొంటే ‘ఎం’, ‘ఎల్’ అక్షరాలను నమ్మకండి. బ్రాండును బట్టి కొలత మారుతుంది. మీకు బాగా నప్పిన చొక్కాను పరిచి, టేపుతో కొలిచి సైజ్ చార్ట్‌తో పోల్చండి.
* కాటన్ తొలి ఉతుకులో కాస్త కుంచించుకుపోతుంది. ముందే ఒకసారి ఉతికి, వేసుకుని చూడండి.

‘ఫార్మల్స్’ అని రాస్తే మాత్రం ఫుల్ హ్యాండ్స్ చొక్కానే వేసుకోండి. ఏది వేసినా, లోపలికెళ్లాక బట్టల సంగతి మీకు గుర్తు రాకూడదు. అదే సరైన ఫిట్!