ముఖం చదవడం ఎందుకు కష్టమవుతుంది?

అమరావతి స్తూపం నుంచి చెన్నై మ్యూజియానికి చేరిన శిల్పాల్లో నలగిరి ఏనుగు ఫలకం ఒకటి. అందులో మదమెక్కిన ఏనుగు వీధిలో దూసుకొస్తుంటే ఒకామె బెదిరి పక్కనున్న మనిషిని పట్టుకుంది. ఆ భయం మనకు చూడగానే తెలుస్తుంది.

ఎలా? ఎదుటివాళ్ల కళ్లు, నోరు చూపుతో చుట్టి వస్తాం. మెదడు లోపలి బాదంగింజంత అమిగ్డలా ప్రమాదాన్ని పసిగడుతుంది. స్కిజోఫ్రీనియా అనే మానసిక వ్యాధి ఉన్న చాలామంది చూపు కళ్ల మీద తక్కువగా ఆగుతుంది, అమిగ్డలా పనితీరూ మారుతుంది. నవ్వును బాగానే గుర్తుపడతారు. భయం, కోపం దగ్గర ఎక్కువ తడబాటు. మామూలు ముఖం కూడా కోపంగా తోచవచ్చు. అది వాళ్ల మొండితనం కానే కాదు.

బెంగళూరు నిమ్హాన్స్ వైద్యులు మన దేశపు నటుల ముఖాలతోనే ముఖంలోని భావాలను గుర్తుపట్టే నేర్పును కొలిచే ‘ట్రెండ్స్’ అనే పరీక్ష తయారుచేశారు. సాధనతో ఈ నేర్పు కొంత మెరుగవుతుంది కూడా. మీ ఇంట్లో స్కిజోఫ్రీనియా ఉన్న బాబాయి ఉంటే, "కోపం కాదు బాబాయ్, అలసిపోయానంతే" అని నోటితో చెప్పండి.