ఖరగ్‌పూర్ టీసీ విశాఖలో మూడో స్థానంలో ఎందుకు దిగాడు?

ఖరగ్‌పూర్‌లో ప్రేమ్ బజార్ ఐఐటీ క్యాంపస్‌ను ఆనుకునే ఉంటుంది. 1951లో మొదలైన ఆ ఐఐటీ దేశంలో మొట్టమొదటిది. కాస్త దూరం వెళ్తే అసలు ఖరగ్‌పూర్ కనిపిస్తుంది. అది రైల్వే ఊరు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచీ పని వెతుక్కుంటూ వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అక్కడ తరాలుగా ఉన్నాయి.

ఊరికి ఉన్న ఈ రెండు ముఖాల నుంచి ఇద్దరు ప్రపంచమంతటికీ తెలిశారు. ఒకరు ఇక్కడ మెటలర్జీ చదివి 1993లో బయటికి వెళ్లిన సుందర్ పిచాయ్. రెండోవారు 2001 నుంచి 2003 వరకు ఇదే రైల్వేలో టికెట్లు తనిఖీ చేసిన మహేంద్ర సింగ్ ధోని. మేనేజ్‌మెంట్ ఉపన్యాసాల్లో పిచాయ్ పేరే ఎక్కువ వినిపిస్తుంది. కానీ పైవాళ్లు తలుచుకుంటే ఒక కుర్రాడు ఎలా ఎదుగుతాడో తెలుసుకోవాలంటే ధోని కథే బాగా పనికొస్తుంది. ఎందుకంటే అందులో నాయకుడు తీసుకున్న నిర్ణయాన్ని తేదీతో సహా చూపించవచ్చు.

ధోనికి ఖరగ్‌పూర్‌లో ఉద్యోగం స్పోర్ట్స్ కోటాలో వచ్చింది. అప్పటి డివిజనల్ రైల్వే మేనేజర్ అనిమేష్ గంగూలీ అతన్ని రైల్వేలోకి తీసుకున్నారు. అది చిన్న మేలు కాదు. మధ్యతరగతి ఇంట్లో రైల్వే ఉద్యోగం అంటే ఏమిటో తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు. అయితే ఉద్యోగం జీతం ఇస్తుంది, టీమ్‌లో చోటు ఇస్తుంది. ఒకప్పుడు ప్రపంచంలోనే పొడవైనదిగా పేరున్న వెయ్యి మీటర్లకు పైబడిన ప్లాట్‌ఫారం మీద డ్యూటీ చేస్తున్న కుర్రాడు భారత జట్టుకు ఆడగలడని ఎవరో ఒకరు గుర్తించి, పైకి చెప్పాలి. 2003లో బీసీసీఐ ప్రతిభాన్వేషణ విభాగం తరఫున జంషెడ్‌పూర్‌లో మ్యాచ్ చూసిన బెంగాల్ మాజీ కెప్టెన్ ప్రకాశ్ పోద్దార్ ఆ పని చేశారు. అతని గురించి నివేదిక రాసి పంపారు.

ఏడో నంబర్ పని

జట్టులోకి వచ్చినంత మాత్రాన కథ మలుపు తిరగలేదు. 2004 డిసెంబర్ 23న చిట్టగాంగ్‌లో బంగ్లాదేశ్‌పై తొలి వన్డేలో ధోని మొదటి బంతికే రనౌటయ్యాడు. ఆ తర్వాతి మూడు ఇన్నింగ్స్‌లో 12, 7 నాటౌట్, 3. నాలుగుసార్లకు కలిపి 22 పరుగులు.

ఈ అంకెల్ని పట్టుకుని కుర్రాడిని ఇంటికి పంపడం చాలా తేలిక. చాలా ఆఫీసుల్లో జరిగేది అదే. కానీ అతను ఏ స్థానంలో ఆడుతున్నాడో చూడాలి కదా. ఏడో నంబర్‌లో దిగేవాడికి మిగిలేవి కొద్ది బంతులు. వచ్చీ రాగానే బాదాలి. తగిలితే అదృష్టం అంటారు, తగలకపోతే పనికిరాడంటారు. అతని అసలు సత్తా ఎంతో ఆ స్థానంలో తేలదు.

కెప్టెన్ సౌరవ్ గంగూలీ దగ్గర మరో సమాచారం కూడా ఉంది. 2004 ఆగస్టులో నైరోబీలో భారత్-ఎ తరఫున ధోని పాకిస్తాన్-ఎ మీద రెండు సెంచరీలు కొట్టాడు. విశాఖ మ్యాచ్ ముందు రాత్రి గదిలో కూర్చుని ఈ కుర్రాణ్ని ఆటగాడిగా నిలబెట్టడమెలా అని ఆలోచించానని, టాస్ గెలిస్తే మూడో స్థానంలో పంపాలని అనుకున్నానని గంగూలీ తర్వాత చెప్పాడు. కింద ఆడించి ఎవరినీ పెద్ద ఆటగాణ్ని చేయలేమన్నది అతని వాదన.

2005 ఏప్రిల్ 5. పాకిస్తాన్‌తో సిరీస్‌లో రెండో వన్డే. విశాఖ కొత్త స్టేడియంలో అదే మొదటి అంతర్జాతీయ మ్యాచ్. సచిన్ త్వరగా అవుటయ్యాడు. అవతల సెహ్వాగ్ ఉన్నాడు. జులపాల జుట్టు కుర్రాడు దిగాడు. 123 బంతుల్లో 148 పరుగులు, 15 ఫోర్లు, 4 సిక్సర్లు. భారత్ 356 చేసి 58 పరుగుల తేడాతో గెలిచింది. నాలుగో స్థానంలో వచ్చిన కెప్టెన్ చేసినవి 9.

ధోని ఆ రోజు విఫలమై ఉంటే? ప్రశ్నలు అతనికి కాదు, గంగూలీకి పడేవి. పాకిస్తాన్ మీద, సొంత గడ్డ మీద, అంతకుముందు 3 పరుగులు చేసినవాణ్ని మూడో స్థానంలో ఎందుకు పంపావని అడిగేవారు. ‘యువతకు అవకాశాలు’ అన్న మాట మన సభల్లో మోగని రోజు లేదు. నాయకుడికి నష్టం లేని అవకాశం అయితే అది మరో ఏడో నంబర్ పనే. ప్రెజెంటేషన్ అంతా జూనియర్ తయారుచేస్తాడు, క్లయింట్ ముందు మాట్లాడేది మాత్రం బాస్. ఆరు నెలల తర్వాత ‘నీలో చొరవ లేదు’ అని అప్రైజల్‌లో రాస్తారు.

భయం ఎవరు మోస్తారు?

పిచాయ్ ఇప్పుడు నడిపిస్తున్న గూగుల్ 2012లో తన సొంత టీమ్‌లనే పరిశీలించుకుంది. ప్రాజెక్ట్ అరిస్టాటిల్ అని పేరు. దాదాపు 180 బృందాలను చూశాక తేలింది ఏమంటే, టీమ్‌లో ఎంత తెలివైనవాళ్లు ఉన్నారన్నదాని కంటే, తప్పు ఒప్పుకున్నా, తెలియదని అడిగినా నవ్వులపాలు కామన్న భరోసా ఉందా లేదా అన్నదే ముఖ్యమని. హార్వర్డ్‌కు చెందిన ఏమీ ఎడ్మండ్‌సన్ 1999లోనే ఈ విషయం మీద పరిశోధన ప్రచురించారు. ఈ భరోసా నోటీసు బోర్డు మీద అంటిస్తే రాదు. ఏదో ఒక చెడ్డ రోజున నాయకుడు ఎక్కడ నిలబడ్డాడో చూసి కుర్రాళ్లు నిర్ణయించుకుంటారు.

హైదరాబాద్ ఆటోడ్రైవర్ కొడుకు మహమ్మద్ సిరాజ్‌కు అలాంటి రోజు 2021 జనవరిలో సిడ్నీలో వచ్చింది. తండ్రి చనిపోయినా ఆస్ట్రేలియాలోనే ఉండిపోయి ఆడుతున్న బౌలర్ అతను. బౌండరీ దగ్గర ప్రేక్షకులు జాత్యహంకార మాటలు అంటున్నారని కెప్టెన్ రహానేతో చెప్పాడు. రెండు టెస్టులు కూడా పూర్తికాని కొత్తవాడు. ‘పట్టించుకోకు, బౌలింగ్ చూసుకో’ అని పంపేసినా ఎవరూ తప్పుపట్టేవారు కాదేమో. రహానే అంపైర్ల దగ్గరికి వెళ్లాడు. ఆట ఆగింది, కొందరు ప్రేక్షకులను స్టాండ్ నుంచి పంపించారు. మైదానం వీడి వెళ్లవచ్చని అంపైర్లు చెప్పినా, తప్పు చేసింది తాము కాదు కాబట్టి ఆడతామని రహానే అన్నాడని సిరాజ్ తర్వాత వెల్లడించాడు. ఆ తర్వాతి టెస్టులో, బ్రిస్బేన్‌లో, రెండో ఇన్నింగ్స్‌లో సిరాజ్ 73 పరుగులకు 5 వికెట్లు తీశాడు. సిడ్నీ వల్లే బ్రిస్బేన్ వచ్చిందని చెప్పడం అతి అవుతుంది. అయినా ఈ రెండింటినీ విడదీసి చూడటం కష్టం.

ఎదిగిన కుర్రాడు నాయకుడయ్యాక ఏం చేశాడన్నది మరో సంగతి. 2012లో శ్రీలంకలో ఐదు వన్డేల్లో రోహిత్ శర్మ చేసినవి మొత్తం 13 పరుగులు. 2013 జనవరిలో మొహాలీలో ఇంగ్లండ్‌పై అతన్ని ఓపెనర్‌గా పంపిన కెప్టెన్ ధోని. రోహిత్ ఆ రోజు 83 చేశాడు. అదే ఏడాది నవంబర్‌లో బెంగళూరులో ఆస్ట్రేలియాపై 209. విశాఖలో తనకు దక్కినదే మరొకరికి ఇచ్చాడన్నమాట.

అన్ని కథలూ ఇలా సాగవు. 2007 సెప్టెంబర్ 24న జొహానెస్‌బర్గ్‌లో టీ20 ప్రపంచకప్ ఫైనల్. చివరి ఓవర్‌లో పాకిస్తాన్‌కు 13 పరుగులు కావాలి, చేతిలో ఒకే వికెట్. ధోని బంతిని జోగిందర్ శర్మకు ఇచ్చాడు. మొదటి బంతే వైడ్. కాసేపటికి మిస్బా సిక్స్ కొట్టాడు. ఆ తర్వాతి బంతికే శ్రీశాంత్ క్యాచ్ పట్టాడు, భారత్ 5 పరుగులతో గెలిచింది. జోగిందర్ మళ్లీ భారత్ తరఫున ఆడలేదు. హరియాణా పోలీసు శాఖలో డీఎస్పీ అయ్యాడు.